నీలం కోర్టు కింది రాయి

మార్చి ఎనిమిదో తేదీ, శనివారం. ఆ పొద్దున్న తిన్నది ఒక ప్లేటు పోహా, పైన గుప్పెడు సేవ్ కారప్పూస, నంజుకోవడానికి రెండు పచ్చిమిరపకాయలు. ఆ తరవాత కాగితంలో వేడివేడిగా నాలుగు జిలేబీలు. నలభై రోజుల శ్రమదినాలు మొదలై నాలుగు రోజులే అయింది. ఈస్టరు దాకా తీపి ముట్టనని చర్చిలో అందరి ముందూ తీర్మానం చేసుకున్న మనిషి కొర్నేలి. అయినా భిలాయిలో ఖుర్సీపార్ మలుపు దగ్గర కొడుకు శామ్ అద్దె కారు ఆపి, "తినెయ్యి నాన్నా, మెర్లిన్‌కి నేను చెప్పనులే" అంటే కాదనలేకపోయాడు.

భార్యకి చెప్పకుండా శామ్ మాట నిలబెట్టుకున్నాడు. ఆరు నెలలు దాటినా ఆ జిలేబీల సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఈ గురువారం సాయంత్రం, ముందుగదిలో మంచం మీద కూర్చున్న కొర్నేలికి ఎందుకో ఆ తీపే గుర్తొస్తోంది. నాలుగు రోజులుగా ఆ ఇంట్లో రుచి తెలిసేలా ఎవరూ అన్నం తినలేదు మరి.

మధ్యగదిలో మనవరాలు సిరి పడుకుని ఉంది. కుడికాలికి మోకాలి కింద నుంచి వేళ్ళ దాకా పిండికట్టు. పదమూడేళ్ళ పిల్ల. వచ్చే నెల రాయ్‌పూర్‌లో జరిగే టెన్నిస్ ఎంపిక పోటీల కోసం ఏడాదిగా పొద్దున్నే ఐదింటికి లేచింది. ఆ పోటీల కాగితం మంచం పక్క గోడకి అతికించి ఉండేది. సోమవారం చూస్తే అక్కడ నాలుగు మూలలా జిగురు మరకలు మాత్రం మిగిలాయి. ఎవరు తీశారో కొర్నేలి అడగలేదు.

వంటింట్లో కోడలు మెర్లిన్ చపాతీలు వత్తుతోంది. ఆమె మొగుడితో మాట్లాడడం సోమవారంతో ఆగిపోయింది. అన్నాలవగానే సిరి దగ్గరికి వెళ్ళి మధ్యగది తలుపు దబ్బున వేసి గొళ్ళెం పెట్టేస్తోంది. ముందుగదిలో చాప మీద శామ్, మంచం మీద కొర్నేలి. ఆ గొళ్ళెం చప్పుడు ఇద్దరికీ వినబడుతుంది. విననట్టే ఇద్దరూ చెరో గోడ వైపూ తిరుగుతారు.

శామ్ ఇప్పుడు క్లబ్బులో ఉన్నాడు. పన్నెండేళ్ళుగా పిల్లలకి ఆట నేర్పిన చోటే ఈ సాయంత్రం కమిటీ ముందు జవాబు చెప్పుకోవడానికి వెళ్ళాడు.

"తాతా, మీటింగ్ ఖతమ్ అయి ఉంటుందా?" సిరి అడిగింది.

"అయిపోతాదమ్మా. నొప్పిగా ఉన్నాదేటి?"

"దర్ద్ లేదు. ఖుజ్లీ. కట్టు లోపల."

కొర్నేలి లేచి, బీరువా అడుగున భార్య డైసీ ఉన్ని అల్లుకునే సూది ఒకటి వెతికి తెచ్చాడు. డైసీ పోయి ఆరేళ్ళు. ఆ సూదులు ఎవరికి ఇవ్వాలో తోచక అలాగే ఉంచేశాడు. సిరి దాన్ని కట్టులోకి దూర్చి కళ్ళు మూసుకుని నవ్వింది. ఆదివారం తరవాత ఆ మొహం మీద అదే మొదటి నవ్వు. డైసీ సూది ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది.

"డాక్టరు గోకొద్దన్నారు మావయ్యా," వంటింట్లోంచి మెర్లిన్ అంది. తిట్టలేదు. అంతమాత్రానికే కొర్నేలికి ఊపిరి ఆడినట్టయింది.

ఆ ధైర్యంతోనే వంటింటి గడప దగ్గరికి వెళ్ళి, మళ్ళీ పాత మాటే ఎత్తాడు. కోర్టు కింద పరిచే రాయిని లారీవాడు దారిలో మార్చేసి ఉంటాడని, శామ్ కనిపెట్టుకుని ఉండాల్సిందని.

మెర్లిన్ అప్పడాల కర్ర ఆపింది.

"మీరు చూపించిన కుప్ప వేరే, ఆయన తెచ్చింది వేరేనా?"

"వేరేనమ్మా. నేను చూపించింది ఫర్నేస్ స్లాగు, ఇనుము కరిగాక మిగిలే చిట్టెం. ముప్పయ్యారేళ్ళు ఆ ఫర్నేసు ముందు నిలబడ్డాను. నాకు తెలీదేటి?"

"మరి ఆ ఒక్క మాట ఆయన ఎందుకనరు? లారీవాడు మార్చేడు, నా తప్పు కాదు అని. సోమవారం మధ్యాహ్నం అడిగాను, రాత్రి అడిగాను. గోడనడిగినా ఏదో ఒకటి చెప్పును. అందుకే మానేశాను."

కొర్నేలి వెనక్కి తిరిగి మంచం దగ్గరికి వచ్చేశాడు. సోమవారం భోజనం దగ్గర తను కూడా శామ్‌ని వదల్లేదు. "నేను చూపించిన రాయి వేసుంటే పిల్ల కాలు ఇలాగుండేదేటి?" అని కంచం ముందు కూర్చున్నవాణ్ణి అడిగాడు. శామ్ ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ఆదివారం జరిగింది కళ్ళు మూసుకుంటే ఇంకా కనబడుతోంది. క్లబ్బులో ఇరవై ఏళ్ళుగా ఉన్నది మట్టి కోర్టు. రోజూ సాయంత్రం దానికి నీళ్ళు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు వేసి కాపాడింది కొర్నేలే. దాన్ని తవ్వేసి నీలం రంగు గట్టి కోర్టు వేస్తామన్నప్పుడు రెండు రోజులు అలిగాడు. తరవాత ఒక్కటే షరతు పెట్టాడు. పైన మీ ఇష్టమొచ్చిన రంగు వేసుకోండి, కింద పరిచే రాయి మాత్రం నా ఫర్నేసుది ఉండాలి. పని చూసుకునే బాధ్యత శామ్‌కి అప్పగించారు.

కొత్త కోర్టు మీద మొదటి స్నేహపూర్వక పోటీ మరోదా జట్టుతో. మొదటి ఆట ఇంటి జోడీలే ఆడాలని ఆ క్లబ్బులో ఆనవాయితీ. ఒకే ఇంటి నుంచి ఒక పెద్ద, ఒక చిన్న. ఇటు శామ్, సిరి. ఆటకి ముందు కొర్నేలి కోర్టు చుట్టూ ఒకసారి నడిచి "ఆడండి" అనాలి. అదీ ఆనవాయితీయే. నడిచాడు, అన్నాడు, వెళ్ళి గీత పక్కన, బంతి లోపలో బయటో చెప్పే తన కుర్చీలో కూర్చున్నాడు.

మరోదా ఆటగాడు బంతిని ఎత్తుగా లేపాడు. సిరి దాన్ని చూస్తూ వెనక్కి పరిగెత్తింది. వెనక గీతకి రెండడుగుల అవతల నీలం రంగు పూరీలా పొంగి, మధ్యలో చిట్లి ఉంది. మడమ దానికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు కుర్చీలో ఉన్న కొర్నేలి దాకా వినబడింది.

సోమవారం అక్కడ తవ్వి చూశారు. లోపల రాయి ఉబ్బి, బూడిదలా పొడి రాలుతోందట. అది కన్వర్టర్ స్లాగు అన్నారు. భిలాయిలో ప్లాంటు మనిషి ఎవర్ని అడిగినా ఆ తేడా చెబుతారు. ఇనుము తీసే ఫర్నేసు నుంచి వచ్చే స్లాగు తేలిక, ఒళ్ళంతా చిల్లులు, ఎంత నీరు పడినా కదలదు. ఉక్కు చేసే కన్వర్టర్ నుంచి వచ్చేది బరువు. దాంట్లో పచ్చి సున్నం మిగిలి ఉంటుంది. నెలల తరబడి ఆరుబయట వానకి నానబెట్టనిదే దాన్ని దేని కిందా పరవకూడదు. పరిస్తే తడి తగిలినప్పుడల్లా ఉబ్బుతుంది. పైన ఏమున్నా లేపేస్తుంది.

ఊరంతా ఇనుము తిని బతికే చోట, ఇంత చిన్న సంగతి దగ్గర ఎవడు పొరబడ్డాడని క్లబ్బంతా నవ్వుతోంది. ఆ నవ్వు శామ్ మీద.

ఏడున్నరకి వీధి గేటు కిర్రుమంది. వచ్చింది శామ్ కాదు, గోవిందరావు. ఫర్నేసు మీద కొర్నేలి చేతికింద పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు క్లబ్బు కమిటీలో సభ్యుడు. చేతిలో గుడ్డసంచీ ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. మెర్లిన్ ఇచ్చిన మంచినీళ్ళు నిలబడే తాగాడు.

"గురూగారూ, మీటింగ్ అయిపోనాది. రేపు పొద్దున్న తొమ్మిదింటికి శామ్ క్లబ్బు తాళాలు ఇచ్చెయ్యాలి. కోచింగ్ కూడా వేరేవాళ్ళకి ఇస్తారంట."

మెర్లిన్ చేతిలో ఖాళీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

గోవిందరావు తలొంచుకుని మిగతాది చెప్పాడు. సెక్రటరీ ఉదయ్‌కుమార్ మంచిగానే మొదలుపెట్టాడట. రాయి మీ నాన్న చూశారు కదా, ఆయన చూస్తే తప్పు జరగదు, కాబట్టి లారీవాడే మార్చి ఉండాలి, ఆ మాట నువ్వు కాగితం మీద రాసివ్వు, వాడి సంగతి మేం చూసుకుంటాం అన్నాడట. అందరూ తలూపారట. శామ్ లేచి నిలబడి, లారీవాడి తప్పేం లేదు, స్లాగు యార్డు గేటుకి ఎడంపక్క కుప్ప నుంచే ఎత్తారు, చివరి లారీ దాకా నేను పక్కనే ఉన్నాను అన్నాడట.

"మరి ఆ కుప్ప ఎవరు ఎంచారయ్యా అని అడిగితే, ఏటన్నాడో తెల్సా? 'రాయి నేనే ఎంచాను. మా నాన్న ఆ రోజు బండి కూడా దిగలేదు' అన్నాడు. అంతే, కూర్చున్నాడు."

గోవిందరావు ఒక అడుగు దగ్గరికొచ్చాడు.

"నాకు నమ్మబుద్ధి కాలేదు. మీ కొడుకై ఉండి రాయి తెలీకుండా తెస్తాడేటి? మీరోసారి పట్టి చూసి చెప్పండి. ఇది ఫర్నేసుదే అంటే రేపు కమిటీలో నేను దెబ్బలాడతాను." గోవిందరావు సంచీలోంచి కొబ్బరికాయంత రాయి తీసి ఆయన అరచేతిలో పెట్టాడు.

చెయ్యి దిగిపోయింది.

కన్ను అక్కర్లేకపోయింది. వెలుతురు అక్కర్లేకపోయింది. ముప్పయ్యారేళ్ళు పని చేసిన చెయ్యి, ఆ బరువుని ఒక్క క్షణంలో పోల్చుకుంది. కన్వర్టరుది. సందేహం లేదు.

గేటుకి ఎడంపక్క కుప్ప. మార్చి ఎనిమిది. యార్డులో రెండు కుప్పలున్నాయి, అటొకటి, ఇటొకటి. బండి అద్దంలోంచి రెండూ ఒకే బూడిద రంగులో, మంచులో ఉన్నట్టు మసగ్గా కనబడ్డాయి. శామ్ తలుపు తీసి పట్టుకుని, దిగు నాన్నా, చేత్తో చూడు అన్నాడు. చేతులేమో రెండూ జిలేబీ పాకం. వేళ్ళు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. తుడుచుకోవడానికి ఏమీ లేదు. ఆ చేతులతో రాయి ఎత్తితే దుమ్మంతా అంటుకుని, ఇంటికెళ్ళాక మెర్లిన్ అడుగుతుందని భయం. మోచెయ్యి ఎత్తి ఎడంపక్కకి చూపించాడు. "అదిరా, మన ఫర్నేసుది. దూరం నుంచే తెలుస్తన్నాది కదా."

కొత్తగా పనిలోకి వచ్చిన ప్రతివాడికీ ఆయన చెప్పిన మొదటి పాఠం ఒకటే. చూసి చెప్పొద్దు, ఎత్తి చెప్పు.

గోవిందరావు ఆ పాఠం నేర్చుకున్నవాడే. గురువు మొహం చూశాడు, చేతిలో రాయి చూశాడు. రేపు తొమ్మిదికి ముందే ఒక ఫోను చెయ్యండి అని మాత్రం అని, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయాడు. రాయి అక్కడే ఉండిపోయింది.

మెర్లిన్ వెంటనే కదల్లేదు. "మావయ్యా?" అంది. పెనం మీద చపాతీ మాడుతున్న వాసనకి లోపలికి వెళ్ళింది.

కొర్నేలి రాయిని ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

శామ్ వచ్చి, సైకిలు గోడకి ఆనించి, కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. క్లబ్బు తాళాల గుత్తి జేబులోంచి తీసి, తలుపు వెనక మేకుకి రోజూలాగే తగిలించాడు. బయటికొచ్చి తండ్రి ఒళ్ళో రాయి చూసి ఆగాడు.

"నీకెప్పుడు తెలిసిందిరా?" కొర్నేలి అడిగాడు.

శామ్ పక్కన కూర్చున్నాడు.

"రాయి సంగతా నాన్నా, కంటి సంగతా?"

కొర్నేలి తల తిప్పి కొడుకు వైపు చూశాడు. వీధి దీపం వెలుగులో ఆ మొహం కూడా ఒక మసక ముద్దలాగే ఉంది. ఎడమ కంట్లో శుక్లం ముదిరిందని, కుడి కంట్లో మొదలైందని జనవరిలో డాక్టరు చెప్పాడు. ఆ చీటీ, మందు చుక్కల సీసా బైబిలు పెట్టుకునే సొరుగులో అడుగున ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే గీత పక్కన కుర్చీలో కూర్చోనివ్వరు.

"కన్ను ఆదివారం తెలిసింది," శామ్ గొంతు తగ్గించి అన్నాడు. "మరోదావాళ్ళ బంతి గీతకి జానెడు లోపల పడింది. నువ్వు అవుట్ అన్నావు. నేను నెట్టు దగ్గరే ఉన్నాను. వాళ్ళు నవ్వి ఊరుకున్నారు. రాయి సోమవారం తెలిసింది, చేత్తో పట్టుకుంటే. అప్పుడు రెండూ కలిపి చూసుకున్నాను."

"మరి సోమవారం రాత్రి నేనలాగ అంటే..."

"అన్నం దగ్గర గొడవెందుకని."

లోపల చపాతీల చప్పుడు ఆగిపోయింది.

"రేపు నేనొస్తాను," కొర్నేలి అన్నాడు. "అందరి ముందూ చెప్తాను. తప్పు నాదని."

"ఏటని చెప్తావు? కనబడని కన్నుతో రాయి చూపించాననా? కనబడని కన్నుతోనే కోర్టు చుట్టూ తిరిగి, పొంగిన చోటు చూడకుండా ఆడండి అన్నాననా?"

ఆ రెండోది కొర్నేలికి అప్పటి దాకా తట్టలేదు. ఆ రోజు పొద్దున్న ఆ మూల మీదుగానే నడిచాడు. పక్కనే. ఒక్క అడుగు ఇటువైపు వేసుంటే పాదానికి తగిలేది.

శామ్ తండ్రి మోకాలి మీద చెయ్యి వేశాడు. "నిన్ను అనాలని కాదు నాన్నా. వాళ్ళంటారని చెప్తన్నాను. అమ్మ పోయాక ఏడాది నువ్వు గడప దాటలేదు. మళ్ళీ దాటింది ఆ కుర్చీ కోసమే. నాకు పని ఇంకోచోట దొరుకుతాది. నీకు ఇంకో కుర్చీ ఎక్కడ దొరుకుతాది?"

"కంటికి కోత పెట్టించుకుంటాను. కుర్చీదేవుందిరా."

"పెట్టించుకో. రేపు మాత్రం రావొద్దు."

వెనక నీడ పడింది. వంటింటి నుంచి ఎప్పుడొచ్చిందో, మెర్లిన్ గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకి పిండి. ఎంత వినిందో అడగాల్సిన పని లేకపోయింది.

కొర్నేలి లేవబోయి లేవలేకపోయాడు. "ఆ రోజు చేతులకి పాకం అంటుకుపోనాదమ్మా," అన్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక అక్కడ మొదలుపెట్టాడు. "జిలేబీ తిన్నాను. నీకు తెలుస్తాదని, రాయి ఎత్తి చూడలేదు."

మెర్లిన్ అరవలేదు. అరిస్తే బాగుండునని ఆయనకి అనిపించింది. ఆమె మధ్యగది వైపు, మంచం చివర తెల్లగా కనబడుతున్న పిండికట్టు వైపు చాలాసేపు చూసింది.

"నాలుగు రోజులు నా చేత ఆయన్ని దోషిని చేయించారు మావయ్యా," అంది.

కంచాలు పెట్టింది. నాలుగు రోజులుగా శామ్ తన కంచం తనే పెట్టుకుంటున్నాడు. ఈ రాత్రి ఆమె అతని కంచంలో వేడి చపాతీ రెండు వేసింది, పైన ఇంకొకటి కూడా వేసింది. మొహం చూడలేదు. శామ్ తల వంచుకుని తిన్నాడు. కొర్నేలికీ వేసింది. ఆయన తుంచిన ముక్క చేతిలోనే ఉండిపోతే, "తినండి. మాత్ర వేసుకోవాలి కదా," అంది. ఆ గొంతులో మెత్తదనం లేదు. అయినా మాత్ర సంగతి మరిచిపోలేదు.

సిరి నిద్రపోయింది. డైసీ సూది ఆ పిల్ల గుప్పిట్లోనే ఉంది.

వంటింట్లో దీపం తీసేసి మెర్లిన్ ముందుగదిలోకి వచ్చింది. శామ్ చాప పరుస్తున్నాడు. ఆమె తలుపు వెనక మేకు దగ్గరికి వెళ్ళి తాళాల గుత్తి తీసింది. పెద్దది గేటుది, ఇత్తడిది సామాన్ల గదిది, చిన్నది నెట్టు పెట్టెది. నడిచి వచ్చి కొర్నేలి కుడి అరచెయ్యి తెరిచి, ఇందాక రాయి ఉన్న చోటే, ఆ గుత్తి పెట్టి వేళ్ళు మూసింది.

"మెర్లిన్," అన్నాడు శామ్. "వద్దు."

ఆమె ఆగింది కానీ, వెనక్కి తిరగలేదు.

"తొమ్మిదింటికి కదా మావయ్యా," అంది.

వెళ్ళి చెప్పమనా, వెళ్ళి తాళాలిచ్చి రమ్మనా, లేక మీరే తేల్చుకోండనా? అడుగుదామని కొర్నేలి నోరు తెరిచేసరికి ఆమె మధ్యగదిలోకి వెళ్ళిపోయింది. గుత్తి చిన్నదే. అయినా చెయ్యి మంచం మీద ఆనించుకోక తప్పలేదు.

తలుపు కదిలింది. ఈ రాత్రి దబ్బున పడలేదు. పడుకున్న పిల్ల ఉలిక్కిపడకుండా రెక్క వెంబడే చెయ్యి ఉంచి, మెల్లగా, చప్పుడు లేకుండా దగ్గరగా వేసింది.

ముందుగదిలో ఇద్దరూ గొళ్ళెం చప్పుడు కోసం విన్నారు. అది పడలేదు.